అమ్మ చెప్పింది, నేను పంపింది

ఎర్రగుంట్ల,
ఆదివారం, ఆరాధన ముగిశాక

తమ్ముడు ఏసుకుమార్‌కు అక్క ప్రేమజ్యోతి వందనాలు. మీ బావ, నీ మేనకోడలు స్తుతి, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. ఓడలో నువ్వూ వేళకు తింటూ బాగున్నావని నమ్ముతున్నాను. ఈమెయిలు మాని కాగితం మీద ఎందుకు రాస్తున్నానో చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. ఓడ కొచ్చి రేవు చేరేసరికి అందేలా ఏజెంటు చిరునామాకు పంపుతున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. స్తుతి పదో తరగతి గట్టెక్కింది, లెక్కల్లోనే కాస్త భయపెట్టింది. మీ బావకు దగ్గు తగ్గింది. అమ్మ మేకల్ని పక్కింటి హనుమంతమ్మ చూసుకుంటోంది. సాయంత్రమైతే అవి మన గుమ్మం ముందుకే వచ్చి నిలబడుతున్నాయి. తోలినా పోవు.

ఇక సమాధి రాయి. నల్లటి కడప బండ తెప్పించాం. దాని మీద అమ్మ చివరి ఉత్తరంలోని మాట చెక్కించమన్నావు. ‘నీ బాధ్యతలు సంతోషంగా ముగించుకుని రా నాయనా, నా ఆశీస్సులు ఎప్పుడూ నీతోనే’ అన్న మాట. ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నానని, అమ్మ రమ్మని ఉంటే కొలంబోలో దిగేసేవాడినని రాశావు. రాయి చెక్కే దాసన్న రెండుసార్లు వచ్చిపోయాడు. “ఏమ్మా, ఏం చెక్కాల్నో చెప్పకపోతివే” అన్నాడు. రెండుసార్లూ రేపు రమ్మని పంపేశాను.

ఆ మాట అమ్మది కాదు తమ్ముడూ.

దిగాలంటే రేపు సాయంత్రంలోగా కెప్టెన్‌కు చెప్పాలని, దిగేవాళ్లు లేకపోతే ఓడ కొలంబోలో ఆగదని నువ్వు ఈమెయిలు పంపిన రోజు గుర్తుందా? అమ్మ మంచంలో ఉండి ఒక్కొక్క మాటే కూడదీసుకుని జవాబు చెప్పింది. నేను లారీలు తూచే కాటా దగ్గరికి పనికి వెళ్లి, అక్కడి కంప్యూటర్లో అదంతా టైపు చేశాను. బ్రౌజర్‌లోనే కొత్తగా కృత్రిమ మేధ పెట్టారు కదా, మనం అడక్కపోయినా రాస్తున్న చోట పక్కనే ‘మెరుగుపరచమంటారా?’ అని వస్తుంది. అమ్మ మాటలు తెర మీద చూస్తే మరీ మొరటుగా అనిపించాయి. ఇంటి ఉత్తరాలు నువ్వు తోటివాళ్లకు చదివి వినిపిస్తావని తెలుసు. నొక్కాను. చదువుకున్న తల్లి రాసినట్టు ఎంత అందంగా వచ్చిందో! బయట లారీలు ఒకటే హారన్లు. చదవకుండా పంపేశానని నీకు చెప్పుకోవచ్చు. కానీ చదివాను. దిగి రమ్మన్న మాట అందులో లేదని చూశాను. ఇంకో మూడు నెలలే కదా, ఎట్లాగూ వస్తాడులే అనుకుని పంపాను.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. “నేను చెప్పిందే రాసినావా?”

“రాసినా మా.”

“ఆ కొలంబో యాడుండాది?”

స్తుతి బడి పటం తెచ్చి చూపించింది. అమ్మ వేళ్లతో కొలిచింది. “జానెడు గూడ లేదే. వచ్చేస్తాడు.”

మర్నాడు పొద్దున నీ జవాబు వచ్చింది. సరేనమ్మా, పని ముగించుకునే వస్తానని. దాన్ని నేనే చదివి వినిపించాను. అమ్మ గోడవైపు తిరిగి, “నేను పిలిచినా గూడ రాడంటనా?” అంది.

అప్పటికింకా గడువుంది. సాయంత్రం దాకా ఉంది. చేసింది అమ్మకు తెలిసిపోతుందని సిగ్గుపడి, “వానికి పని శానా ఉండాదంట మా” అన్నాను. పదకొండో రోజు అమ్మ పోయింది. నువ్వు రానన్నావనుకునే పోయింది.

మీ ఓడలో కంప్యూటర్‌కు కూడా ఆ మెరుగుపరిచే మీట వచ్చిందని, ఉంచాలా తీసేయించాలా అని అడిగావు. ఇంగ్లీషు కాగితాలు అర్థం చేసుకోవడానికి అది నాకు ఎన్నోసార్లు సాయపడింది, కాదనను. కావలసినవాళ్లు వెతికి తెచ్చుకునేలా ఉంచితే బాగుండేది. ఇంటివాళ్లకు రాసుకునే ఉత్తరంలోకి కూడా పిలవకుండా వచ్చి కూర్చుంటోంది. అమ్మ మాటలో ఏది ముఖ్యమో దానికేం తెలుసు? నాకు తెలుసు. నొక్కింది నా వేలు. మీట మీద నేరం మోపి నేను తప్పుకోలేను.

ఆ రోజు అమ్మ చెప్పింది, నా చెవిలో ఇప్పటికీ వినిపిస్తున్నట్టే రాస్తున్నాను.

“అబ్బోడా, నాకు బాగలేదు. శానా ఆయాసంగా ఉండాది. మీ అక్క ఏమీ కాదంటాది, దాని మాట వినాకు. పని మళ్లా దొరుకుతాది. ఆడనే దిగి రా. నీ మొగం ఒకసారి చూస్తే చాలు నాయనా. బిన్నా రా, తడవు చేయాకు.”

అమ్మ నిన్ను పిలిచింది. నువ్వు అమ్మను కాదనలేదు. ఇద్దరి మధ్య ఉన్నది నేను. కొచ్చిలో దిగాక ఇంటికి రా. నన్ను పలకరించకపోయినా సరే, రా.

ఇట్లు,
నీతో అక్కా అని పిలిపించుకునే ముఖం లేని
ప్రేమజ్యోతి