ఫ్రిజ్‌లోంచి పారేసిన మన మిరపాకులు

నందిగామ, శుక్రవారం

అబ్బాకి సలాం. నేను బాగున్నాను, బాగోలేనిది నా కోపం ఒక్కటే. ఫోనులో అయితే అరుపే వస్తుందని కార్డు రాస్తున్నాను.

మన మిరపతోటకు ముడత తెచ్చింది ఏ వైరస్సో తేల్చడానికి మీరు పంపిన ఆకులను, నేను ప్రాజెక్టు చేస్తున్న పరిశోధన కేంద్రంలో ఫ్రిజ్‌లో పెట్టాను. దాని తలుపు మీద "నమూనాలకు మాత్రమే" అని పెద్దక్షరాలతో రాసింది కూడా నేనే. నిన్న కేంద్రం చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారని మేనేజరు గారు ఆకులను చెత్తబుట్టలో వేయించి, అక్కడ కూల్‌డ్రింకులు పెట్టించారు.

అడిగితే, "ఆకులేగా అమ్మాయ్, మీ వేదాద్రిలో మళ్లీ దొరకవా?" అన్నారు.

"దొరుకుతాయండి. మరి కూల్‌డ్రింకులు నందిగామ కొట్లలో దొరకవా?" అన్నా.

పైగా ఈ కేంద్రం రైతులకెంత మేలు చేస్తుందో చెబుతూ అతిథులకు ఆ ఫ్రిజ్జే తెరిచి చూపించారు!

ముడత పడిన లేత ఆకులు మళ్లీ కోసి ఫారూఖ్ మామూ ఆటోలో పంపండి. ఈసారి కాపలా నాది. ఫలితం వచ్చేదాకా తోట పీకించకండి. మోటారు బాగైందా? అమ్మీ మోకాలినొప్పి తగ్గిందా? నానీకి నా సలాం చెప్పండి.

అందరూ వెళ్లాక నాకూ ఒక చల్లటి సీసా ఇచ్చారు అబ్బా. దాహంగానే ఉంది. ముట్టలేదు.

మీ నిషాత్