మార్తా ఆంటీ రోజూ రాయించే ఉత్తరం

కానింగ్ వేల్, పెర్త్
శనివారం

అక్కకు చిన్ని నమస్కారాలు.

నా రాత చూసి కంగారుపడకు. మీ మరిది, పాప, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ షుగర్ మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? నాయిన దినాలకు వచ్చి, నీతో ఒక్క మాటైనా మాట్లాడకుండా విమానమెక్కి నాలుగేళ్లయింది. ఇక్కడ చలి తగ్గింది, నా అలసటే తగ్గలేదు. ఊరికే చెబుతున్నా, బెంగపెట్టుకోకు, బాగానే ఉన్నాను.

నేను ఇంటికెళ్లి చూసుకునే మార్తా ఆంటీ గురించి అమ్మ చెప్పే ఉంటుంది. ఎనభై ఏడేళ్లు, మతిమరుపు. పుట్టింది ఫ్రాన్స్‌లో, జర్మనీ సరిహద్దున, అల్సాస్ అనే ద్రాక్షసీమలో. వాళ్లక్క ఓడిల్ ఇంకా అక్కడే ఉంది. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఎందుకో ఆంటీకి గుర్తులేదు, కోపం మాత్రం గుర్తుంది. "ఒక్కసారి తీసుకెళ్లి చూపించు" అని ఆమె కొడుకు నన్ను తోడు పంపాడు. ఆ ప్రయాణంతో నా నడుం పడిపోయిందనుకో.

అక్కడ ఊళ్ల పేర్లు జర్మన్‌వి, దుకాణాల్లో మాట ఫ్రెంచి, ముసలివాళ్లు తమలో తాము మాట్లాడుకునేది ఆ రెండూ కాని మరో భాష. యుద్ధాలకు సరిహద్దు అటూ ఇటూ జరిగి, ఇల్లు కదలకుండానే వాళ్ల తాత నాలుగుసార్లు దేశం మారాడట! వారమంతా పులిసిన క్యాబేజీ, ఉల్లిపాయ రొట్టె తిని, నీ చేతి పచ్చిపులుసు కోసం మొహం వాచిపోయాను.

ద్రాక్ష కోతలు సాగుతున్నాయి. ఊరుకోలేక నేనూ కత్తెర పట్టాను. బజారుకు పంపే పండ్లకు నాయిన నేర్పినట్టే కాడ పట్టుకుని, పండు మీది తెల్లపొడి చెరగకుండా ఒక్కో గుత్తినీ పరిచాను. పక్కవాళ్లు నాలుగేసి బకెట్లు నింపారు, నాది సగం కూడా కాలేదు. గట్టున కుర్చీలో కూర్చున్న ఓడిల్ పడీపడీ నవ్వింది. ఆమె మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది, "ఎలాగూ వైన్‌కు పిండేసే పండ్లకు అంత గారాబమెందుకు అంటోంది మా బామ్మ" అని.

నేనూ నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. చిన్నప్పుడు మన మేడ్చల్ ద్రాక్షతోటలో నేను పండ్లు ముట్టి పొడి చెరిపితే, "నేనే ముట్టిన నాయినా, దాన్నేమనకు" అని నువ్వు దెబ్బలు తిన్నావు. అలాంటి నిన్ను, తోట తీయించావని ఫోన్‌లో ఎన్నేసి మాటలన్నాను! బోరు ఎండింది, కూలీలు దొరకలేదు, నాయిన మంచంలో ఉన్నాడు. అన్నీ నువ్వొక్కదానివే ఈదావు. నేనేమో ఇక్కడ కూర్చుని, "నాయిన పానం తీసినవ్" అన్నాను.

ఆంటీ, ఓడిల్ మొదటి రోజు ముభావంగానే ఉన్నారు. మర్నాడు ఓడిల్ తన శాలువా తీసి ఆంటీకి కప్పింది. అంతే, ఇద్దరూ ఒకటే ఏడుపు. ఆ వారమంతా ఒకే మంచం మీద పడుకున్నారు.

పెర్త్ తిరిగొచ్చిన మర్నాడు ఆంటీ అడిగింది, "మా అక్క దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాం?"

"వెళ్లొచ్చాం ఆంటీ, ఇదిగో ఫొటోలు చూడండి."

నమ్మలేదు. "మా అక్క నాతో మాట్లాడదు. కాగితం తీసుకో. తప్పు నాదేనని రాయి."

అప్పట్నుంచి డ్యూటీ ఉన్న ప్రతి పొద్దునా అదే ఉత్తరం రాస్తున్నాను, మడిచి సొరుగులో పెడుతున్నాను. సొరుగు నిండిపోతోంది. రాసీ రాసీ అలసిపోయానక్కా.

ఈ పొద్దున ఆమెది ముగిశాక కూడా పెన్ను వదలబుద్ధి కాలేదు. నాకింకా అన్నీ గుర్తున్నాయి కాబట్టి ఒక్కసారి రాస్తే చాలు. తప్పు నాదే.

అమ్మకు, బావకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. దీవించబుద్ధి కాకపోతే ఫోన్ చేసి తిట్టు. ఇది సొరుగులో పెట్టను, ఇప్పుడే వెళ్లి పోస్టు చేస్తాను.

ఇట్లు,
నువ్వు దెబ్బలు తిని కాచిన
చిన్ని