వంతు కత్తి

ప్రియమైన బామ్మర్దికి,

ఫోను చేస్తే లిఫ్టు పైకప్పు మీద ఉన్నానంటావు. మళ్లీ చేస్తే లిఫ్టు గుంతలో ఉన్నాను, సిగ్నల్ లేదంటావు. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్కకి మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. బైండింగ్ షాపులో పని బాగానే ఉంది. కాలేజీ వాళ్లు పాత పత్రికలు గుట్టగా తెచ్చి పడేసి, సంపుటాలు కట్టమన్నారు.

అసలు సంగతికి వస్తాను. వంతు కత్తి గడువు దాటి నీ దగ్గరే ఉంది. మన మడత కత్తుల సంఘంలో ఇలా ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. భార్య ఆసుపత్రిలో ఉన్నా దర్జీ రైలెక్కి వెళ్లి తర్వాతి వాడి చేతిలో పెట్టి వచ్చాడు. నీకు ఏమొచ్చింది?

తెలియనట్టు నటిస్తావేమో, మళ్లీ చెప్తున్నాను. అది మనందరికీ జేబు కత్తి అలవాటు చేసిన గురువుగారు తన చేత్తో చేసిన చివరి కత్తి. ఆయన పోయాక ఒక్కడి సొత్తు కాకూడదని పదకొండు మందిమి చీట్లు వేసుకున్నాం. ఒక్కొక్కరి దగ్గర మూడు నెలలు. పెట్టెలో దాచకూడదు, అద్దాల బీరువాలో పెట్టకూడదు, లేచింది మొదలు పడుకునేదాకా జేబులోనే ఉండాలి. కొయ్యడానికి తప్ప తెరవకూడదు. నా చీటీ అందరికన్నా చివర వచ్చింది. మొదటి శిష్యుణ్ణయినా నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇక కూర్చోలేను. జీవితమంతా కాగితాలు మడిచి మడిచి నా కుడి బొటనవేలి కీలు అరిగిపోయింది. ఎడమది ఎప్పుడో పోయింది. "చలికాలం దాకా ఎలాగో వంగుతుంది. ఆ తర్వాత నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆ కత్తి స్ప్రింగు సంగతి నీకు తెలుసు. అలుగు మీది గాడిలో గోరు పెట్టి లాగితే ముందు గోరే ఊడివస్తుందేమో అనిపిస్తుంది. దాన్ని నా వేలితో నేనే తెరవాలి. ఒక్క పుస్తకం కుట్టి, దాంతో దారం తెంపాలి. నాకు కావలసింది అంతే. మీ అక్క తెరిచి చేతికిస్తే ఆ ముచ్చట నాకెందుకు?

వెంటనే పట్టుకురా.

ఇంకా కోపం రాని,
నీ బావ

*

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అందింది. అక్క మోకాలి నొప్పి తగ్గినందుకు సంతోషం. నోటి సంగతి చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి, దానికి మందు లేదు.

ఇక్కడ ఊపిరాడడం లేదు. ఆసుపత్రి లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోతోంది. మొన్న సర్జన్‌గారు అందులో ఇరుక్కున్నారు. బయటికి తీశాక, "నీకు ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే నా దగ్గరికే రా" అన్నారు. ఆయన చూసిన చూపుకి నాకు ఆకలి చచ్చిపోయింది.

కత్తి క్షేమం. మడత దగ్గర కాస్త బిగుసుకుపోయింది. నూనె వేసి నానబెట్టాను. ఆ స్థితిలో నీ చేతికి ఇవ్వడం మర్యాద కాదని ఆగాను. చలికాలానికి ఇంకా బోలెడు టైముంది కదా. ఈలోగా వేలిని గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచుతూ ఉండు.

ప్రేమతో,
నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

నానబెట్టావా? అదేమన్నా మురికి చొక్కానా? ఇన్నేళ్లుగా జేబులో కత్తి పెట్టుకు తిరుగుతున్నావు. ఒక్క చుక్క వేసి, నాలుగుసార్లు కదిపి, గుడ్డతో తుడుస్తారని తెలియదా? ఈ కాకమ్మ కథలు లిఫ్టులో ఇరుక్కున్న వాళ్లకి చెప్పు, వాళ్లకి వినక తప్పదు.

అనుమానం వచ్చి మీ ఇంటికి ఫోను చేశాను. చెల్లెమ్మ ఎత్తింది. "అన్నయ్యగారూ, ఈయనకి ఏదో అయింది. ఆపిల్ కొయ్యడానికి వంటింట్లో కత్తి అడుగుతున్నారు. పెళ్లయినప్పటి నుంచి నా కత్తి ముట్టుకోలేదు ఈ మనిషి" అంది. మీ అక్క పక్కనుంచి విని, "పోనీలెండి, ఇన్నాళ్లకి బాగుపడ్డాడు" అంది. ఆవిడకేం తెలుసు? జేబులో కత్తి ఉన్నవాడు వంటింటి కత్తి అడుగుతున్నాడంటే జేబు ఖాళీ అని అర్థం.

కత్తి ఎక్కడుంది? ఒక్క ముక్కలో రాయి.

కోపం బయల్దేరిన,
నీ బావ

*

ప్రియమైన బావకి,

మీ చెల్లెమ్మ మాటలు పట్టించుకోకు. ఆపిల్ పులుపుకి అలుగు నల్లబడుతుందని వంటింటి కత్తి అడిగాను.

కొరియర్‌లో పంపేద్దామని వెళ్లాను. అక్కడి కుర్రాడు పెట్టె ఊపి చూసి, "ఇందులో ఏముంది?" అన్నాడు. చెప్పాను. "కత్తులూ కటార్లూ తీసుకోం అంకుల్, పక్క వీధిలో పోలీసు స్టేషనుంది, వాళ్లు తీసుకుంటారు" అని నవ్వాడు. కాబట్టి నేనే తేవాలి. సెలవు దొరకాలి.

ఇంకో మాట. ఊరికే అడుగుతున్నాను. జేబులో మడత కత్తి ఉన్నంత మాత్రాన మనిషి మీద కేసు పెడతారా? నీ దగ్గర పుస్తకాలు బైండు చేయించుకునే ప్లీడరుగారు ఉన్నారు కదా, వీలుంటే కనుక్కో. నాకోసం కాదు. మా తోటి మెకానిక్ ఒకడికి కావాలి.

అక్కకి నా నమస్కారం.

నీ బామ్మర్ది

*

బామ్మర్దికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

ప్లీడరుగారిని అడిగాను. "మీ బామ్మర్ది ఏం చేశాడు?" అన్నాడు. తోటి మెకానిక్ అన్నాను. "అందరూ అలాగే అంటారండీ" అని నవ్వాడు. నీ వల్ల ఆయన ముందు నేను దొంగలా నిలబడాల్సి వచ్చింది.

అలుగు నల్లబడుతుందనా? ఆ ఇనుము నల్లబడితేనే అందం అని సభ్యులకి గంటసేపు ఉపన్యాసం ఇచ్చింది నువ్వు కాదా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అది కూడా చేతకాదు నీకు.

నా సంగతి విను. ఇక్కడ పొద్దుటిపూట చలి మొదలైంది. ఈ వారం టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. నా సొంత కత్తి తెరవడానికి మీ అక్కని పిలిచాను. ఆవిడ ఏమీ అనకుండా తెరిచి ఇచ్చింది. మీ అక్క ఏమీ అనలేదంటే నా పరిస్థితి ఏమిటో నువ్వే ఊహించుకో.

ఇప్పుడైనా నిజం రాస్తావా, నన్నే రమ్మంటావా?

నీ బావ

*

ప్రియమైన బావకి,

రాస్తున్నాను. తిట్టడం మొదలుపెట్టే ముందు చివరిదాకా చదువు.

మా పక్కింటివాళ్లకీ వెనకింటివాళ్లకీ గోడ తగాదా ఉంది. గోడ కట్టినప్పుడు చూశానని నన్ను సాక్ష్యానికి పిలిచారు. కోర్టు లిఫ్టులు చూసేది నేనే. పనికి వెళ్లినప్పుడల్లా వెనక గేటులోంచి పోతాను. సంచినిండా రంపాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్నా ఆపినవాడు లేడు. సాక్షిని కాబట్టి ఆ రోజు ముందు గేటులోంచి రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, కాగితాలు పెట్టుకున్నాను. జేబులో కత్తి ఉందన్న ధ్యాసే లేదు బావా. ఉండాల్సిన చోట ఉన్నదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? మన రూలు కూడా అదే కదా.

మిషను కూసింది. గేటు దగ్గరి గార్డు కత్తి తీసుకుని రేకు డబ్బాలో పడేశాడు. లోపల ఇద్దరు ప్లీడర్లు గోడ పొడవు గురించి నా ప్రాణం తీశారు. సాయంత్రం బయటికొచ్చి కత్తి అడిగాను. "కోర్టుకి కత్తి తెచ్చి మళ్లీ ఇవ్వమంటావా? కేసు రాయమంటావా?" అన్నాడు. కేసు అయితే ప్రభుత్వ భవనాల లిఫ్టుల కాంట్రాక్టు పోతుంది. వచ్చేశాను.

అప్పటినుంచి వారం వారం వెళ్తూనే ఉన్నాను. ఏం లాభం లేదు. ఈపాటికి పాత ఇనుములో కలిసిపోయి ఉంటుంది. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా రాద్దామని కూర్చోవడం, నీ వేలు గుర్తొచ్చి ఇంకేదో రాయడం. చివరికి ఆ కత్తి నా వంతులోనే పోయింది. సభ్యులకి ఏం చెప్పమన్నా చెప్తాను.

నీ బామ్మర్ది

*

ప్రియమైన బామ్మర్దికి,

ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ రాశాను. దాన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకోకు.

నీ ఉత్తరం అందిన మర్నాడే మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి మాత్రం రాలేదు. వస్తే చెల్లెమ్మ భోజనం పెడుతుంది, తిన్నాక నిన్ను తిట్టడం బాగుండదు. స్టేషను నుంచి నేరుగా కోర్టుకి వెళ్లి ముందు గేటు దగ్గర వరసలో నిలబడ్డాను. గార్డుతో ఏం మాట్లాడాలో రైల్లోనే వల్లె వేసుకున్నాను.

నా వంతు వచ్చింది. మిషను కూసింది.

నా సొంత కత్తి నా జేబులో ఉంది. నిన్ను దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి, నా జేబు తడుముకోలేదు. ఈ మాట సభ్యుల దగ్గర ఎత్తావంటే ఊరుకోను.

గార్డు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏంటి పెద్దాయనా, ఈ మధ్య కోర్టుకి అందరూ కత్తులతోనే వస్తున్నారు?" అన్నాడు. తర్వాత తన ప్యాంటు జేబులోంచి ఒకటి తీశాడు. "ఇదిగో, ఇలాంటిదే. మీ దానికన్నా ఇది నయం." వంతు కత్తి! చూడకుండానే బొటనవేలితో తెరిచాడు. టిక్కు. మూశాడు. టక్కు. మళ్లీ తెరిచాడు.

"ఎక్కడిది బాబూ?"

"ఎవడో లిఫ్టు మెకానిక్‌ది. సాయంత్రం వచ్చి అడిగితే, ఊరికే ఆటపట్టిద్దామని, కేసు రాయమంటావా అన్నా. నవ్వుతాడనుకుంటే లగెత్తాడు. మళ్లీ అడిగిన పాపాన పోలేదు. వారానికోసారి ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి ఇటే చూస్తుంటాడు. ఎవణ్ణైనా వేసెయ్యడానికి చూస్తున్నాడేమోనని మా పైవాళ్లకి కూడా చెప్పి ఉంచా."

ఇదా నువ్వు వారం వారం వెళ్లడం? టీకొట్టు దాకానా?

ఎవరూ అడగని సామాను నెలాఖరుకి పాత ఇనుములోకి పోతుందట. దీన్ని పారెయ్యడానికి మనసొప్పక జేబులో వేసుకున్నాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ టిక్కు, టక్కు.

"అలా ఆడకూడదు బాబూ. స్ప్రింగు వదులైపోతుంది."

"అయితే ఏం? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే నిలబడాలి. మొదట్లో గోరు విరిగింది దీంతో. ఇప్పుడు హాయిగా ఉంది."

"కొయ్యడానికి తప్ప తెరవకూడదని రూలుంది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"మరి కత్తి చేసినాయన ఏమన్నాడు?"

ఏమన్నారో గుర్తు తెచ్చుకోబోయాను. గురువుగారు అలాంటి మాట ఎన్నడూ అనలేదు. ఆయన పోయాక భక్తితో రాసింది నేను. పది మంది పాటించారు. ఇన్నేళ్లు ఎవరూ సరిగ్గా తెరవని కత్తి బిగుసుకుపోక ఏమవుతుంది?

గార్డుకి గురువుగారి సంగతి, చీట్ల సంగతి, వేలి సంగతి చెప్పాను. అతను కత్తి మూసి, నా సొంత కత్తితో పాటు నా చేతిలో పెట్టి, "ఈ మాట ఆ రోజే చెప్తే అప్పుడే ఇచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. పక్కనే బెంచీ ఉంటే కూర్చున్నాను. గాడిలో గోరు పెట్టాను. పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. అంత బలం అక్కర్లేకపోయింది. తెరుచుకుంది.

వరసలో జనం నా వైపు చూస్తున్నారు. కోర్టు గేటు ముందు ఒక ముసలాడు కత్తి తెరిచి పట్టుకుని కళ్లు తుడుచుకుంటుంటే చూడరూ మరి? "మూసెయ్యండి పెద్దాయనా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు గార్డు.

నువ్వు ఆ రోజే ధైర్యంగా అడిగి ఉంటే కత్తి వేళకి నాకు వచ్చేది. వచ్చినా నా వేలికి తెరుచుకునేది కాదు. ఇప్పుడు నీకు దణ్ణం పెట్టాలో చెప్పుచ్చుకు కొట్టాలో తెలియక ఛస్తున్నాను.

నిన్న పత్రికల సంపుటం ఒకటి కుట్టాను. దారం నేనే తెంపాను. ఈ విడత నాతో అయిపోయింది కాబట్టి మళ్లీ చీట్లు వెయ్యాలి. ఈసారి పన్నెండు చీట్లు. పన్నెండోది గేటు గార్డుది. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి నాకు చెప్పమను. నువ్వు వెళ్లి అతనికి ఈ సంగతి చెప్పిరా. టీకొట్టు దగ్గర ఆగకుండా గేటు దాకా వెళ్లి చెప్పు. వెళ్లేముందు జేబులు తడుముకో.

ఇది రాస్తుంటే మీ అక్క వంటింట్లోంచి అరిచింది, "ఆ టిక్కు టక్కు ఆపుతారా, వచ్చి లాక్కోమంటారా?" అని. ఆపాను. ఆవిడ అటు తిరిగాక మళ్లీ తెరిచాను.

తిట్లు ఇంకా మిగిలే ఉన్న,
నీ బావ