మార్కుల మెమో వెనకవైపు

జూన్ 4

చంటీ, నీ చెల్లికి సీటు రావడం కష్టమట. కాలేజీ ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. మిగతావన్నీ తొంభై దాటాయి గానీ లెక్కల్లో నలభై ఒకటి, ఫిజిక్స్‌లో ముప్పై ఎనిమిది ఉన్నాయి, ఆ రెండూ చూడగానే పైవాళ్ళు పక్కన పెట్టేస్తారమ్మా అన్నాడు. అవి నువ్వు చనిపోయిన వారంలో అది రాసిన పరీక్షలు. నాలుగో రోజు లెక్కలు, ఆరో రోజు ఫిజిక్స్. ఆ సంగతే చెప్పాను. దానికి ఇక్కడ కాలమ్ లేదన్నాడు, తలైనా ఎత్తకుండా. ఇంట్లో మనిషి పోతే రాసుకోవడానికి జానెడు చోటు లేని కాగితం ఎవడు అచ్చు వేశాడో.

జూన్ 5, ఉదయం 6

ఉత్తరం రాసి ఇవ్వవే అన్నాను చెల్లితో. రాయనంది. అన్నని చూపించి సీటు అడుక్కోమంటావా, ఇంకోసారి ఆ మాట ఎత్తకు అంది. అచ్చం నీ మొండితనమే.

జూన్ 7

మా కుట్టు యూనిట్‌లో ప్రతి కట్టకీ ఒక చీటీ ఉంటుంది. ముప్పై కాలర్లు రావాల్సిన చోట ఇరవై ఆరే వస్తే చీటీ తిప్పి వెనక కారణం రాస్తాం. కరెంటు పోయింది, సూది విరిగింది, ఏదైతే అది. సూపర్‌వైజర్ చదివి సంతకం పెడతాడు. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన పద్ధతి అది.

అందుకే బీరువాలోంచి చెల్లి మార్కుల మెమో తీశాను. వెనక్కి తిప్పి నీలం పెన్నుతో రాశాను. అన్న చనిపోయిన వారంలో పరీక్షలు, అందుకని రెండిట్లో తగ్గాయి, పిల్ల తెలివితక్కువది కాదు, ఇట్లు తల్లి. పట్టుకెళ్ళి ఇచ్చాను.

గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు. ఒరిజినల్ మీద ఎవరైనా రాస్తారా, ఇది ఇక చెల్లదు, పన్నెండో తేదీలోగా కొత్తది తెచ్చుకోండి అన్నాడు. పక్క కుర్చీలో ఆవిడ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందువైపు రెండు అంకెలు చెల్లుతాయి, వెనకవైపు నిజం చెల్లదా అని అడిగాను. బయటికి నడవమన్నాడు.

జూన్ 8

చెల్లి నాతో మాట్లాడలేదు.

జూన్ 9

మాట్లాడింది. మెమో వెనక నేను రాసింది చదివింది. తర్వాత, ఇది తప్పు రాశావమ్మా అంది.

ఏడుస్తూ రాయలేకపోవడం కాదట. రాయగలదట. నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నానని, ఏం చేసుకుంటానో అని భయమేసి, రెండు రోజులూ సగంలోనే పేపరు ఇచ్చేసి పరిగెత్తుకుంటూ వచ్చేసిందట. నాకు చెప్పాల్సి వస్తుందనే ఉత్తరం రాయనందట.

ఆ రోజుల్లో వాకిట్లో దాన్ని చూసి, పరీక్ష తొందరగా అయిపోయిందా అని కూడా అడగలేదు నేను.

జూన్ 11

చెల్లే ఉత్తరం రాసింది, ఉన్నది ఉన్నట్టు. బడి హెడ్మిస్ట్రెస్ కొత్త మెమో ఇప్పించి, ఉత్తరం కింద నిజమేనని రాసి స్టాంపు వేసింది. ఆఫీసులో ఇచ్చేశాం. గుమాస్తా ఈసారి తీసుకుని ఫైల్లో పెట్టాడు. స్టాంపు ఉంది కదా మరి.

జూన్ 20

సీటు ఇచ్చారు. ప్రత్యేకంగా దయతలచి ఇస్తున్నామని కాగితంలో ఉంది. దేనికి దయ? అది దొంగతనం చేసిందా? తల్లిని చూసుకోవడానికి వచ్చింది. స్టాంపు వేసే టీచరమ్మ దొరకని పిల్లలు ఎందరు వెనక్కి వెళ్ళిపోయారో, వాళ్ళ మెమోలు ఎవరు తిప్పి చూస్తారు?

జూలై 2

చెల్లి హాస్టల్‌కి వెళ్ళింది. ఫోన్ చేసి మొదటి మాటే తిన్నావా అంది. నిజంగానే తిన్నాను. చంటీ, అక్కడ నువ్వూ కడుపునిండా తిను నాన్నా.