మల్సున్ నన్ను అక్కా అన్న రోజు

సియోల్, నవంబరు 9, 1985

అమ్మా, పోలీసులు నిన్న వదిలేశారు, ఒంట్లో బాగానే ఉంది.

యూనియన్ పెట్టించాలని, చదువూ ఇరవై మూడేళ్ల వయసూ దాచి, మన పక్కింటి ఇన్‌సుక్ గుర్తింపు కార్డు చూపి, పద్దెనిమిదేళ్లదాన్నని కుట్టు ఫ్యాక్టరీలో చేరాను. పక్క మిషను మల్సున్‌కి ఇరవై. "ఒసే పిల్లా, అక్క చెబితే వినాలి, తిను" అంటూ తన అన్నంలో సగం పెట్టేది. నన్ను నమ్మి యూనియన్ కాగితం మీద మొదటి సంతకం తనే చేసింది. నా గుట్టు బయటపడగానే ఇద్దరినీ గెంటేశారు. గేటు దగ్గర తల వంచి, "వెళ్లొస్తానండీ అక్కా. మీకైతే చదువుంది" అంది. తిట్టినా బాగుండేది.

ఇన్‌సుక్ వాళ్లమ్మకు కార్డు సంగతి నచ్చజెప్పు. నాన్న దగ్గు తగ్గిందా? నా దండాలు చెప్పు.

కిమ్చీ పెట్టాక ఒక జాడీ మల్సున్ ఊరికి పంపు, చిరునామా అంచున రాశాను. చెల్లి పంపిందని రాయమందామనుకున్నాను. వద్దులే.

యోన్‌హీ