రెండో సగం ఎవరికి

బిన్నీ, నాన్నా, నువ్వుండి ఉంటే ఈ కాగితంతో పనే లేదు. అంతా నీదే అయ్యేది. ఇప్పుడు అంకెలు వేసి పంచాల్సి వస్తోంది.

ఇసాఫ్యోర్దుర్ చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు కత్తి పట్టిన స్టేనున్ ఎయ్విన్స్‌దోత్తిర్ అనే నేను, వయసు అరవై ఏడు, వచ్చే మంగళవారం రెక్యావిక్‌లో గుండె ఆపరేషన్ ఉన్నందున, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. బడికి వెళ్ళింది ఏడేళ్ళే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

1. ఇల్లూ, ఇంట్లో సామానూ నా చెల్లెలి కూతురు సోల్రూన్‌కు సర్వహక్కులతో చెందాలి. వంటింటి కిటికీలోంచి వాన కారుతుంది, తర్వాత నన్ను అనకూడదు. ఈ వీలునామా అమలు చేయవలసింది కూడా తనే.

2. కాఫీ ఫ్లాస్కు, నా కత్తి, సానరాయి హుల్దాకు. ఇరవై ఏళ్ళు నా పక్క బల్ల మీద చేపలు కోసింది. తన నోటికి తాళం లేదు, అయినా ఇస్తున్నాను. ఆస్తి అందుకునేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదట. అందుకని అలిగింది.

3. కెప్టెన్ వారెన్ సినిమా టేపులు మూడూ సోల్రూన్‌కే. ఇవి నా కొడుకు బ్రిన్యోల్వుర్‌వి, అంటే బిన్నీవి. రెండేళ్ళ కిందట కొండదారిలో మంచు మీద కారు జారి చనిపోయాడు. వీటి గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

మొదటి సినిమా వచ్చినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఆదివారం మధ్యాహ్నం మూడింటి ఆట. పడవలు నిండుగా వచ్చే రోజులు, ఆదివారం కూడా ఫ్యాక్టరీ నడిచేది. విరామంలో తలుపులు తీయగానే వాడి చేతిలో లికరిస్ మిఠాయి పెట్టి నేను షిఫ్టుకు పరిగెత్తేదాన్ని. ఆట అయ్యాక వాడు ఫ్యాక్టరీ కాఫీ గదికొచ్చి, నా పక్కన కూర్చుని మిగతా కథ చెప్పేవాడు. మూడు సినిమాలూ అంతే. మూడింటికీ మొదటి సగం నేను కళ్ళతో చూశాను, రెండో సగం వాడి నోట విన్నాను. తర్వాత టేపులు కొన్నాడు. పెట్టరా చూద్దామంటే, కథ తెలిసిందేగా అమ్మా అనేవాడు.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత నాలుగోది తీశారు. ఎవరడిగారు? వాడు ఉండగా తీయడానికి ఏమొచ్చింది? కోపంతోనే టికెట్ కొన్నాను, కోపంతోనే వెళ్ళి హుల్దా పక్కన కూర్చున్నాను. ఆ పాత సంగీతం మొదలవగానే ఏడ్చాను. కెప్టెన్ తల ముగ్గుబుట్టయింది, మెట్లెక్కుతుంటే మోకాలు పట్టుకుంటున్నాడు. ముసలివాణ్ణి చూసి హాలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనతోపాటు ముసలివాడయ్యాడు, మంచిదే అనిపించింది. నా బిన్నీ కాలేకపోయాడే అనీ అనిపించింది.

అప్పుడు కెప్టెన్ ఒక ఫోటో ముందు పువ్వు పెట్టాడు. ఓడలో వంటవాడు ఓర్టో ఫోటో. నాకు ఇష్టమైనవాడు ఓర్టో. రెండో సినిమా చివర ఏదో దీవిలో దిగిపోయి సత్రం పెట్టుకున్నాడు, ఇప్పటికీ చేపల పులుసు కాస్తున్నాడు. అలా అని బిన్నీ చెప్పాడు.

"అదేంటే, ఓర్టో పోయాడా?" అన్నాను.

హుల్దా నోట్లో మిఠాయితోనే, "ఏ లోకంలో ఉన్నావే స్టేనున్? రెండోదాంట్లోనే కాల్చి చంపేశారుగా. ఊరంతా ఏడ్చింది" అంది.

పదకొండేళ్ళ పిల్లాడు, షిఫ్టులో ఉన్న తల్లి ఏడవకూడదని కథ మార్చాడు. విరామంలో లేచి వచ్చేశాను.

అప్పటినుంచి నిద్ర లేదు. వాడు ఇంకేం మార్చి చెప్పాడో అని లెక్క వేసుకుంటున్నాను. ఆ చివరి రోజు ఫోన్ చేసి, "దారి బాగుందమ్మా, మంచు లేదు" అన్నాడు.

4. నాలుగో సినిమా రెండో సగం నేను చూడలేను. కెప్టెన్ చచ్చిపోతాడేమో. సంగతి తెలియకుండా ఆపరేషన్ బల్ల మీద పడుకోనూలేను. ఈ ఆదివారంతో ఆట ఎత్తేస్తారు. కాబట్టి ఈ రెండో సగాన్ని సోల్రూన్‌కు రాసిస్తున్నాను. వీలునామా మనిషి పోయాక చదువుతారు, తెలుసు. సోల్రూన్, నువ్వు మాత్రం ఈ రాత్రే చదువు. వెళ్ళి చూడు, చూసొచ్చి మత్తుమందు ఇవ్వకముందే నాకు చెప్పు. ఆలోపే నాకేమైనా అయితే, నన్ను బిన్నీ పక్కన పెట్టాక అక్కడ నిలబడి గట్టిగా చెప్పు. వాడూ చూడలేదు.

5. కెప్టెన్ పోతే పోయాడనే చెప్పాలి. నా మనసు కాయడానికి కథ మార్చే హక్కు నా కొడుకు ఒక్కడిదే. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు.

2023 అక్టోబరు 13, శుక్రవారం.

(సంతకం) స్టేనున్ ఎయ్విన్స్‌దోత్తిర్

సాక్షులు: పక్కింటి తొర్కెల్ అర్న్‌గ్రిమ్సన్, ఆయన భార్య ఉన్నూర్ బ్యార్కదోత్తిర్.

సోల్రూన్, వేయించిన మొక్కజొన్నతో కడుపు నింపుకుని సినిమాకు పోకు. ఫ్రిజ్‌లో చేపా బంగాళదుంపల కూర ఉంది, రొట్టె ఉంది. వేడి చేసుకుని కడుపునిండా తిను.