కుడి నుంచి తెరిచే పుస్తకం

శుక్రవారం, మౌలాలి

ఏ పుస్తకమైనా మొదటి పది పేజీలు నేను చూశాకే మా అమ్మాయి లాస్య చేతికి వెళ్ళాలని ఇంట్లో రూలు పెట్టింది నేనే. దానికింకా తొమ్మిదేళ్ళు నిండలేదు. సికింద్రాబాద్ అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన ఆ జపాన్ బొమ్మల కథని కూడా మంగళవారం పొద్దున చూశాను, బయట ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతుంటే. ఇద్దరు పిల్లలు, ఒక పిల్లి, రైల్వే స్టేషన్. బాగానే ఉందని ఇచ్చేశాను.

ఇవాళ సాయంత్రం తిరిగివ్వబోతే లైబ్రరీ రహీమ్ భాయ్ కంగారుపడ్డాడు.

"చిన్న పాపకిచ్చిన్రా మేడమ్? ఇది పెద్దోళ్ళది."

"మొదలు చూసే ఇచ్చానండీ."

ఆయన దాన్ని తన ఉర్దూ పేపర్‌లాగే కుడివైపు నుంచి తెరిచాడు. "జపానోళ్ళది సుత మా ఉర్దూ లెక్కనే. మీరు చూసింది ఆఖరు."

మొదటి పేజీలో వంటింట్లో రక్తపు మడుగులో తల్లి. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆ ఇద్దరు పిల్లలు.

ఆఫీసులో ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి నాకు జీతమిస్తున్నారు. సిగ్గుచేటు.

మూడు రోజులుగా నేను వంట చేస్తుంటే లాస్య వచ్చి గుమ్మంలో నిలబడుతోంది. ఆకలేమోననుకుని "ఐదు నిమిషాలాగు" అని కసిరాను కూడా.

ఇంటికి రాగానే దగ్గరకు తీసుకుని అడిగాను. "భయమేస్తే మధ్యలో ఆపేయొచ్చు కదమ్మా?"

"నువ్వు చూసే ఇచ్చావు కదా. అందుకే కళ్ళు మూసుకోకుండా మొత్తం చదివేశాను."